పెదవులు కదిపితే పరీక్ష రద్దు

ఆమధ్య మా అత్త ప్రేమగా నా నెత్తి మీద చెయ్యేసింది. నా పరీక్ష పోయింది. నవ్వకండి, నిజంగానే పోయింది! ఫీజు కట్టి, సెలవు పెట్టి, నెలల తరబడి కూర్చుని చదివిన పరీక్ష, ఒక్క అరచెయ్యి పడి ఆగిపోయింది. అత్తనేమీ అనకండి, ఆవిడ నాకు సొంత మేనత్త, నాన్న అక్క. తప్పంతా నా నోటిదేనని మా బావ అంటాడు. బావంటే మా ఆయనే. మొత్తం విని తప్పెవరిదో మీరే చెప్పండి.

పోర్టు దగ్గర ఒక షిప్పింగ్ ఆఫీసులో నాది నెట్‌వర్క్ పని. ఓడలొస్తాయి, కంటైనర్లు దిగుతాయి, వాటి లెక్కలన్నీ మా కంప్యూటర్లలో తిరుగుతాయి. ఆ కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం మానేస్తే "సత్యవతిని పిలవండి!" అని కేకలు. మాట్లాడుకుంటున్నంత కాలం సత్యవతి అనే మనిషి ఆఫీసులో ఉన్నట్టే ఎవరికీ గుర్తుండదు. ఇన్నేళ్ళూ కాంట్రాక్టు ఉద్యోగమే. ఈ ఏడాది మేనేజర్ గారు పిలిచి, ఒక్క పర్మనెంట్ పోస్టు వచ్చిందమ్మా అన్నారు. ఎగిరి గంతేసేలోపే, నెట్‌వర్కింగ్ సర్టిఫికేషన్ ఉన్నవాళ్ళకే ఇస్తారట అన్నారు.

"పని నేనే చేస్తున్నాను కదా సార్!"

"పనిదేముందమ్మా, ఎవరైనా చేస్తారు. సర్టిఫికెట్ అయితే క్లయింట్‌కి చూపించొచ్చు."

అంత గొప్ప మాట అన్న మనిషికి ఎదురేం చెప్తాం? సరేనన్నాను. పోటీ ఎవరంటే నా పక్క సీటు నవీన్. వాడు పుస్తకం కొనలేదు, వీడియో చూడలేదు. డంప్స్ తెచ్చుకున్నాడు. అంటే, అసలు పరీక్షలో వచ్చిన ప్రశ్నలనీ జవాబులనీ ఎవడో దొంగతనంగా బయటికి లాగి నెట్‌లో పెడతాడు, వీళ్ళు అవి బట్టీ పడతారు. నేను లంచ్ టైములో పుస్తకం తెరిస్తే నా మీద జాలిపడేవాడు.

"అక్కా, నువ్వింకా అర్థం సేసుకుని సదవతన్నావేటి? ప్రశ్న పెద్దగుంటే సి కొట్టీ, సిన్నగుంటే బి కొట్టీ. అంతే అక్కా!"

వాడు వెళ్ళి పరీక్ష రాసి, పాసైపోయి, స్వీట్లు పంచాడు. స్వీటు నోట్లో పెట్టుకుంటూ, "అక్కా, సబ్‌నెట్ అంటే ఏటక్కా, ఇంటర్వ్యూలో అడుగుతారంట," అన్నాడు. నా స్వీటు తిరిగి డబ్బాలో పెట్టేశాను.

ఆ సబ్‌నెట్ అంటే ఏమిటో మీకూ చెప్తాను, కంగారు పడకండి. పెద్ద కేకుని ముక్కలు కోసినట్టు పెద్ద నెట్‌వర్క్‌ని చిన్న చిన్న నెట్‌వర్కులుగా కొయ్యడం. అయితే ఇష్టమొచ్చినట్టు కొయ్యకూడదు. రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు, ఇలా రెట్టింపు లెక్కలోనే కొయ్యాలి. ఈ లెక్క మనసులో టకటకా రావాలి. నాకు వస్తుంది. కానీ మనసులో రాదు, నోట్లో వస్తుంది.

ఏం చెయ్యమంటారు! మూడో క్లాసులో మా మాస్టారు అందర్నీ నిలబెట్టి ఎక్కాలు పాడించేవారు. గొంతెత్తి, ముందుకీ వెనక్కీ ఊగుతూ, రాగం తప్పితే వీపు మీద ఒకటి. అలా ఎక్కిన లెక్క నా ఒంట్లోంచి ఈ రోజుకీ దిగలేదు. ఆఫీసులో పెద్ద చిక్కొస్తే నేను సర్వర్ రూములోకి వెళ్ళి, "రెండ్రెళ్ళు నాలుగు, నాలుగు రెళ్ళు ఎనిమిది, ఎనిమిది రెళ్ళు పదహారు," అని ఊగుతూ పాడుకుంటాను. వేళ్ళ కణుపులు కూడా లెక్కపెట్టుకుంటాను. ఫ్యాన్ల రొదలో ఎవరికీ వినపడదు. చిక్కు విడిపోతుంది.

పరీక్షకి బయట సెంటర్లో స్లాట్ దొరకలేదు. సరే, ఇంట్లోంచే ఆన్‌లైన్‌లో రాద్దామనుకున్నాను. మాది కంచరపాలెం, రైలు పట్టాల పక్క వీధి. ఇంట్లోంచి రాస్తే మనల్ని కాపలా కాయడానికి ఎక్కడో ఒక మనిషి కూర్చుంటాడు. కెమెరాలోంచి చూస్తాడు, మైకులోంచి వింటాడు. ప్రాక్టర్ అంటారు. మనకి మాత్రం వాడు కనపడడు, గొంతే వినపడుతుంది. ఇంగ్లీషులో దేవుడిలా మాట్లాడతాడు.

ముందు గదంతా చూపించమన్నాడు. లాప్‌టాప్ ఎత్తుకుని తిప్పాను. గోడ మీద క్యాలెండర్ దగ్గర ఆపమన్నాడు.

"మ్యామ్, వాట్ ఈజ్ రిటెన్ దేర్? సో మెనీ నంబర్స్."

"క్యాలెండర్ సర్."

"అండ్ ద స్మాల్ లెటర్స్?"

రాహుకాలం, వర్జ్యం, తిథి! ఇంగ్లీషులో ఏమని చెప్పను? "బ్యాడ్ టైమ్ సర్," అన్నాను. "ప్లీజ్ రిమూవ్ ద బ్యాడ్ టైమ్," అన్నాడు. క్యాలెండర్ తీసి మంచం కింద పెట్టాను.

పరీక్ష మొదలైంది. మొదటి ప్రశ్నలు బానే నడిచాయి. తర్వాత సబ్‌నెట్ లెక్క తగిలింది. నేను నాలుగు దగ్గర ఉన్నానో ఎనిమిది దగ్గర ఉన్నానో, తెర మీద మెసేజ్. మ్యామ్, ప్లీజ్ డు నాట్ మూవ్ యువర్ లిప్స్. గదిలో ఇంకెవరితోనో మాట్లాడుతున్నానని అనుమానం. పెదవులు బిగించాను. లెక్క ఆగిపోయింది! మన ఫ్యానుకి కరెంటు పోయినట్టు మెల్లిగా తిరిగి తిరిగి ఆగిపోయింది. పోనీ కణుపుల మీద లెక్కపెడదామని చేతులు బల్ల కిందకి పెట్టాను. హ్యాండ్స్ ఆన్ ద టేబుల్ మ్యామ్. కనీసం ఊగుదామని ఊగాను. ప్లీజ్ సిట్ స్టిల్ మ్యామ్.

నోరు కదలకూడదు, చెయ్యి కదలకూడదు, ఒళ్ళు కదలకూడదు. ఇక బతికున్నానని వాడికెలా తెలుస్తుందో!

ఇంతలో గూడ్సు బండి వెళ్ళింది. కిటికీ ఊచలు గలగలలాడుతున్నాయి. ఆ చప్పుడులో ఏం వినపడుతుందిలే అనుకుని, కళ్ళు మూసుకుని, ఒక్కసారి గొంతెత్తి, "ముప్పైరెండు రెళ్ళు అరవైనాలుగు, అరవైనాలుగు రెళ్ళు నూటిరవై ఎనిమిది!" అని పాడేశాను. లెక్క వచ్చేసింది. కళ్ళు తెరిచేసరికి పరీక్ష లేదు. సెషన్ టెర్మినేటెడ్ అని రాసుంది. రైలెళ్ళిపోయింది, నా ఫీజు కూడా ఎళ్ళిపోయింది.

ఒళ్ళు మండిపోయింది నాకు. బట్టీ కొట్టినవాడు బుద్ధిగా కూర్చున్నాడని పాస్. లెక్క చేసినదాన్ని నేను దొంగనట! మా బావ స్టీల్ ప్లాంటులో డ్యూటీ దిగి వచ్చేసరికి ఇంట్లో దీపం కూడా పెట్టలేదు నేను. విషయం విని, ఓదార్చాల్సింది పోయి, గోడకి ఆనుకుని నవ్వాడు.

"పెళ్ళైనకాడ్నించీ నాను సేత్తన్న కంప్లైంట్ అదే కదే సత్తీ! ఇన్నాల్లకి ఒక మగోడు ఒప్పుకున్నాడు."

దిండు విసిరాను. తగల్లేదు.

అత్త మాత్రం నవ్వలేదు. ఉల్లిపాయలు కోస్తూ ఆలోచించింది. మా అత్తకి ఉల్లిపాయలు కోసేటప్పుడు నోట్లో నీళ్ళు పోసుకుని కూర్చునే అలవాటు, కళ్ళు మండవట. ఆ నీళ్ళు దొడ్లోకి వెళ్ళి ఊసి వచ్చి చెప్పింది.

"ఓలమ్మా, ఇంతోటిదానికి ఏడుపెందుకే? నోటి నిండా నీల్లు పోసుకుని కూకో. నోరెలాగ కదుల్తాదో నానూ సూత్తాను!"

నిజం చెప్పొద్దూ, నాకు ఆ మాట వేదవాక్కులా అనిపించింది. పరీక్ష రూల్స్ తీసి చూశాను. లేబుల్ లేని గాజు గ్లాసులో మంచినీళ్ళు పెట్టుకోవచ్చని రాసుంది. ఇంకేం! ఆ రోజు నుంచి ప్రాక్టీసు. నోట్లో నీళ్ళు, ముందు లెక్కలు. మొదట్లో పుస్తకం తడిసింది. తర్వాత తర్వాత, నోటికి దారి లేక లెక్క బుర్రలోకి ఎక్కడం మొదలెట్టింది. ఇల్లు కూడా మహా ప్రశాంతంగా ఉండేది. "ఈ పరీచ్చ నెలనెలా పెట్టమనే," అని మా బావ సంబరపడ్డాడు. బదులు చెప్పాలంటే నీళ్ళు మింగాలి. మింగి చెప్పేలోపు పారిపోయేవాడు.

రెండోసారి ఫీజు కట్టాను. పరీక్ష రోజు పొద్దున్నే క్యాలెండర్ నేనే తీసేశాను. గది తలుపు దగ్గర అత్తని కాపలా పెట్టాను. స్టూలు మీద కూర్చుని, ఒళ్ళో చింతపండు పెట్టుకుని పిక్కలు తీస్తూ, ఆవిడ కాసిన కాపలా బోర్డర్లో కూడా కాయరు. చేపలమ్మ గంప నెత్తిన పెట్టుకుని కేకేస్తూ వీధిలోకి వచ్చింది.

"అరవకే! లోపల మా కోడలు పరీచ్చ రాత్తంది!"

"ఏ పరీచ్చమ్మా?"

"నెట్టు పరీచ్చ. నువ్వు అరిత్తే ఫెయిలైపోద్ది. ఎల్లు, ఎల్లు!"

వీధి వీధంతా నోరు మూసుకుంది. పక్కింటివాళ్ళు కుక్కర్ విజిల్ కూడా రానివ్వలేదట, పాపం.

లోపల ప్రాక్టర్ది మళ్ళీ అదే గొంతు. లేక వాళ్ళందరికీ ఒకటే గొంతు ఇస్తారేమో తెలీదు. బుగ్గల నిండా నీళ్ళు పట్టాను. ప్రశ్నలు ఒక్కొక్కటే దాటుతున్నాను. సబ్‌నెట్ లెక్క వచ్చింది, పెదవి కదలకుండా చేసేశాను! ఇంకోటి వచ్చింది, అదీ చేసేశాను! పర్మనెంట్ ఆర్డరు కాగితం కళ్ళ ముందు ఊగుతోంది. అత్తకి మంచి చీర కొనాలని కూడా అనుకున్నాను. సగం పైనే అయిపోయింది. అప్పుడు మాట్లాడాడు దేవుడు.

"మ్యామ్, ఈజ్ దేర్ సంథింగ్ ఇన్ యువర్ మౌత్?"

లేదని తల అడ్డంగా ఊపాను. నీళ్ళు కదిలిన చప్పుడు వినపడిందో ఏమో.

"ప్లీజ్ ఓపెన్ యువర్ మౌత్, మ్యామ్."

ఎలా తెరుస్తాను? తెరిస్తే కీబోర్డు మీద పడతాయి. తెరవకపోతే నోట్లో చీటీ పెట్టుకుందనుకుంటాడు. గ్లాసులోకి ఊసేద్దామా అంటే పరువు! ఇక మిగిలింది ఒకటే దారి. గుటుక్కున ఒకేసారి మింగి, "నో సర్" అందామనుకున్నాను. మింగడం, అనడం రెండూ ఒకేసారి చేశాను. పొలమారింది.

అలా ఇలా కాదు! కళ్ళల్లోంచి నీళ్ళు, ముక్కులోంచి నీళ్ళు, ఊపిరి అందదు. ఖళ్ళుఖళ్ళుమని బల్ల పట్టుకుని దగ్గుతున్నాను. మన ఇళ్ళల్లో ఎవరికైనా పొలమారితే పెద్దవాళ్ళు ఏం చేస్తారో మీకు నేను చెప్పాలా? ఆలోచించి చేసే పని కాదది, చెయ్యి దానంతటదే లేస్తుంది. చింతపండు ఎక్కడ పడిందో, స్టూలు ఎక్కడ పడిందో! వీధి మొత్తాన్ని నోరు మూయించిన మా అత్త తలుపు తోసుకుని లోపలికొచ్చి, కెమెరా ముందు నిలబడి, నా నడినెత్తి మీద టపటపా కొట్టడం మొదలెట్టింది.

"ఎవులో తలుసుకుంతన్నారే! ఎవులో తలుసుకుంతన్నారు! మెల్లిగా, మెల్లిగా!"

కంచే చేను మేసింది.

"మ్యామ్! హూ ఈజ్ దట్ పర్సన్? వాట్ ఈజ్ షి టెల్లింగ్ యూ?"

నాకు కాస్త ఊపిరి తిరిగింది. అబద్ధమాడితే ఇంకా మోసమవుతుందని ఉన్నదున్నట్టు చెప్పాను. "మదరిన్‌లా సర్. షి ఈజ్ సేయింగ్, సమ్‌బడీ ఈజ్ థింకింగ్ ఎబౌట్ మి."

"హూ?"

"ఏటంతన్నాడే ఆ బాబు?" అని అత్త.

"ఎవరు తలుచుకుంటున్నారని అడుగుతున్నాడత్తా."

అత్త నెత్తి మీద చెయ్యి తియ్యకుండానే ఆలోచించింది. "మా సెల్లెలు అయ్యుంతాది. మొన్న నీ గురించి అడిగింది," అని కెమెరా వైపు తిరిగి, "అంతే బాబూ, ఇంకేటీ నేదు. పిల్లకి పొలమారింది. నువ్వు కూడా నీల్లు తాగేటప్పుడు మాటాడకు నాయినా," అని జాగ్రత్త చెప్పింది.

అది నేను ఇంగ్లీషులోకి మార్చేలోపే పరీక్ష మాయమైపోయింది.

కోపం వచ్చింది. చాలా వచ్చింది. తిరిగి చూస్తే అత్త కొంగుతో నా మొహం తుడుస్తోంది, ఆవిడ కళ్ళల్లోనూ నీళ్ళు. "నాను పాడు సేసీసేనా అమ్మా?" అంది. ఆ గొంతు విన్నాక ఎవరి మీద అరుస్తాం? లేదత్తా, వాడి సిగ్నల్ పోయిందని చెప్పాను. నమ్మలేదు. ఆ రాత్రి ఇద్దరం అన్నం సరిగా తినలేదు. ఆ పోస్టు ఇక నవీన్‌దేనని నాకు అర్థమైపోయింది. నిజంగా ఏడ్చాను.

అయితే నవీన్‌కి ఆ పోస్టు అక్కర్లేకపోయింది! ఆ సర్టిఫికెట్ చూపించి హైదరాబాదులో రెట్టింపు జీతానికి ఉద్యోగం పట్టాడు. సబ్‌నెట్ అంటే ఏమిటో వాళ్ళు అడగలేదట. మనం ముక్కులోంచి నీళ్ళు కారేదాకా చదువుతాం, వాళ్ళు విమానం ఎక్కుతారు. మొత్తానికి పోస్టు ఖాళీగా ఉండిపోయింది, నాకు మేనేజర్ గారు ఇంకొన్నాళ్ళు గడువిచ్చారు. ఉదారంగా కాదు, రెండోవాళ్ళు లేక.

ఈసారి ద్వారకానగర్‌లో సెంటర్లోనే స్లాట్ వచ్చేదాకా ఆగాను. లోపలికి వెళ్ళేముందు అక్కడి మేడమ్‌తో సిగ్గు విడిచి చెప్పేశాను. "మేడమ్, నాను లెక్కలు నోటితో సేస్తానండి. పర్లేదాండి?"

ఆవిడ నన్ను పైనుంచి కిందదాకా చూసి, "చేసుకోమ్మా, లోపల ఎవరు చెయ్యట్లేదు కనక?" అంది.

లోపల అడుగుపెడితే పురుగులు రొద పెడుతున్నట్టు గొణుగుడు! ఒకాయన వేళ్ళు లెక్కపెడుతున్నాడు. ఒకమ్మాయి ఊగుతోంది. మూలన ఒక పెద్దాయన ప్రతి ప్రశ్నకీ ముందు "గోవిందా" అనుకుని మరీ క్లిక్ చేస్తున్నాడు. నాకు పుట్టింటికి వచ్చినట్టుంది. హాయిగా పెదవులు కదుపుతూ, కావాల్సినంత ఊగుతూ రాశాను. చివర్లో తెర మీద పాస్ అని పడింది. అక్కడే కళ్ళు తుడుచుకున్నాను. ఇంటికి ఫోన్ చేస్తే అత్త వీధంతా వినపడేలా అరిచింది.

ఇక్కడితో ఆపేస్తే ఎంత బాగుండేది! ఇల్లలకగానే పండగా?

ఆ వారమే హెడ్డాఫీసుతో వీడియో మీటింగ్. హైదరాబాద్ నుంచి డైరెక్టర్ గారు, ఇంకో నలుగురైదుగురు పెద్దవాళ్ళు, గోడ మీద తెర నిండా మొహాలు. మేనేజర్ గారు నన్ను తన పక్కనే కూర్చోబెట్టుకున్నారు. పర్మనెంట్ ఆర్డరు ఈ రోజే ఓకే చేయించేస్తానమ్మా, నువ్వు కామ్‌గా కూర్చో చాలు అన్నారు. కూర్చున్నాను. ఆయన గొంతు సవరించుకున్నారు.

"సర్, మన సత్యవతి సర్టిఫికేషన్ పాసైంది. అంటే, కష్టమైన సబ్జెక్టు సర్ అది. నేనే రోజూ సాయంత్రం కూర్చోబెట్టి, దగ్గరుండి, ఒక్కో కాన్సెప్టూ నేర్పించాను."

నేనేమీ అనలేదు. అనలేదనే అనుకున్నాను. తల దించుకుని, వినయంగా, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కానీ నా సంగతి మీకు తెలిసిపోయింది కదా, నాకు మనసులో మాటంటూ ఉండదు.

"ఈయనా నేర్పింది! మొన్న నెట్ రాట్లేదని మౌసుకి బేటరీలు మార్సేడు, మహానుబావుడు."

తెర మీద మొహాలన్నీ కదలడం మానేశాయి. లైను ఆగిపోయిందేమో అనుకున్నాను. ఆగలేదు. డైరెక్టర్ గారు ముందుకు వంగి, తెలుగులో అడిగారు.

"ఎవరమ్మా మార్చింది?"

హెడ్డాఫీసువాళ్ళు ఆర్డరు ఇచ్చెయ్యమన్నారు. నవ్వి నవ్వి ఇచ్చెయ్యమన్నారు. కానీ దాని మీద సంతకం పెట్టాల్సింది మా మేనేజర్ గారు. రోజూ అడుగుతున్నాను, పెన్ను వెతుకుతున్నాను ఉండమ్మా అంటున్నారు. లైన్లో కాస్త గరగర ఉన్నా, ఒక్క మాట అటూ ఇటూ తెగినా, వాళ్ళకి సరిగ్గా వినపడలేదని బుకాయించేదాన్ని. ఆ అదృష్టం కూడా లేదు. ఆ మీటింగు గదికి కేబుల్ లాగి, మైకు బిగించి, ఎంత మెల్లిగా మాట్లాడినా హైదరాబాద్‌లో స్పష్టంగా వినపడేలా వారం రోజులు కష్టపడి సెట్ చేసింది నేనే.